గురి కుదిరే తూటా, పెల్లెట్: విజయనగరం, శ్రీకాకుళం షూటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఎయిర్ రైఫిల్ పట్టిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ (0.22 అంగుళాల) రైఫిల్ కాల్చి ఆ రుచి మరిగినవాళ్లు, ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దలు అడిగే ప్రశ్నలివి. దాదాపు అన్నీ ఒక్కచోటికే వస్తాయి: నా రైఫిల్ కొట్టినచోటే మళ్లీ మళ్లీ కొట్టాలంటే అందులో ఏం వేయాలి? ఈ సంగతిని మనవైపు ఎవరూ తీరిగ్గా చెప్పడం లేదు. అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

వీడియోల్లో అమెరికావాళ్లు ఇంట్లోనే తూటాలు నింపుకుంటున్నారు. మనమూ చేసుకోవచ్చా?

కూడదు. ఆయుధ చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ తయారు చేయాలంటే తయారీకే ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. మీ దగ్గరున్న మామూలు లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి, దానికి సరిపడా తూటాలు కొనుక్కోవడానికి ఇచ్చినది. అది చూపించి తయారీకి దిగితే చెల్లదు. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. సరదా కోసం నెత్తిన పెట్టుకునే బరువు కాదిది.

చట్టం ఒక్కటే కారణం కాదు. తుపాకీ మందు తూకంలో చిన్న తేడా వచ్చినా తూటా కూర్చునే గదిలో (ఛాంబర్‌లో) ఒత్తిడి హద్దు దాటిపోతుంది. రైఫిల్ మీ చెంప పక్కనే ఉంటుంది, ఆ పేలుడు ముందు తాకేది కంటిని, చేతిని. ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకుల్లో మందు దట్టించబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథలు ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకి తెలియనివి కావు.

మరి వాళ్లు అంత కష్టపడి ఎందుకు నింపుకుంటారు? నిజంగా గురి మెరుగవుతుందా?

అవుతుంది. ఎందుకవుతుందో తెలుసుకుంటే మన పని కూడా తేలికవుతుంది, కాబట్టి కాస్త చూద్దాం.

సెంటర్ ఫైర్ తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గుల్ల, అడుగున మధ్యలో నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. ఫ్యాక్టరీ తూటా వేల తుపాకుల్లో ఇబ్బంది లేకుండా పేలాలి కనుక కొలతల్లో కాస్త వదులు ఉంచుతారు. సొంతంగా నింపుకునేవాడు తన రైఫిల్ గది ఒక్కదానికే గుల్లను దిద్దుకుంటాడు. మందును గ్రెయిన్ లెక్కన తూస్తాడు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు, అంటే గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, తూకం అందులో పదో వంతు దాకా వెళ్తుంది. బుల్లెట్ గుల్లలో ఎంత లోతున కూర్చోవాలో కూడా తన బ్యారెల్‌కు తగ్గట్టు సరిచేసుకుంటాడు. ఇదంతా దేనికంటే ప్రతి తూటా ఒకే వేగంతో బయటికి రావడానికి, బ్యారెల్ ప్రతిసారీ ఒకేలా కంపించడానికి.

గురి అంటే ఇంతే: ప్రతిసారీ ఒకేలా జరగడం. తూటా నింపడం అందుకు ఒక దారి. మనకున్న దారి, ఫ్యాక్టరీలో తయారైన పెల్లెట్లలో (ఎయిర్ గన్‌లో వేసే చిన్న సీసం గుండ్లలో), తూటాల్లో మన బ్యారెల్‌కు ఏది నప్పుతుందో ఓపికగా పరీక్షించి తెలుసుకోవడం. ప్రపంచ పోటీల్లో 10 మీటర్లు, 50 మీటర్ల రైఫిల్ విభాగాల్లో పతకాలు కొట్టేవాళ్లు కూడా చేసేది ఇదే.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు తూటా నింపడం వేరుగా ఉంటుందట కదా?

వేరే. బోల్ట్ రైఫిల్‌లో గదిని మూసే గడియను, అంటే బోల్ట్‌ను, చేత్తో కదిపి తూటాను నెమ్మదిగా లోపలికి నెడతాం. సెమీ ఆటోమేటిక్‌లో పేలిన గ్యాస్ బలంతోనో, వెనక్కి తన్నిన బలంతోనో బోల్ట్ వెనక్కి వెళ్లి, స్ప్రింగుతో దూసుకొచ్చి కొత్త తూటాను గదిలోకి కొడుతుంది. ఆ ఊపుకి, కొన్ని రైఫిళ్లలో వదులుగా ఉండే ఫైరింగ్ పిన్ ముందుకు జారి ప్రైమర్‌ను తాకుతుంది. ప్రైమర్ మెత్తనిదైనా, గుల్ల అడుగు కన్నా పైకి ఉబ్బి ఉన్నా, ట్రిగ్గర్ నొక్కకుండానే తూటా పేలే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వాడిన ఎం1 గరాండ్ లాంటి రైఫిళ్ల విషయంలో ఈ హెచ్చరిక గట్టిగా వినిపిస్తుంది. దీనికి తోడు గుల్ల ఒక్కో పేలుడుకీ సాగుతుంది కనుక దాన్ని మళ్లీ పూర్తి కొలతకు కుదించాలి. తూటా పొడవు మ్యాగజైన్‌లో పట్టాలి. మందు కాలే వేగం గ్యాస్ రంధ్రం దగ్గరి ఒత్తిడికి తగ్గట్టు ఉండాలి. బోల్ట్ రైఫిల్‌లో గురి కోసం తీసుకునే స్వేచ్ఛ ఇందులో సగం కూడా ఉండదు.

మన దేశంలో ఈ రైఫిళ్లు మామూలు పౌరుడికి అందేవి కావు. పాయింట్ 303, 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటా పేలే బోల్ట్ రైఫిలైనా, సెమీ ఆటోమేటిక్ అయినా సాధారణ లైసెన్సు మీద దొరకదు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం వరకే.

పాయింట్ టూ టూ ఖాళీ గుల్లల్ని మళ్లీ నింపొచ్చా?

వాటితో పని కాదు. పాయింట్ టూ టూ రిమ్ ఫైర్ తూటా. విడిగా ప్రైమర్ ఉండదు. గుల్ల అంచు మడతలో నిప్పు పుట్టించే మసాలాను ఫ్యాక్టరీలోనే పోస్తారు. ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కగానే మడత చితికిపోతుంది. ఒకసారి చితికిన అంచు మళ్లీ పనికిరాదు. పేలిన గుల్లను చేతిలోకి తీసుకుని అడుగు చూడండి, అంచు మీద చిన్న నొక్కు కనబడుతుంది. ఎన్‌సీసీ క్యాంపులో ఖాళీ గుల్లల్ని లెక్కపెట్టి అప్పగించమంటే తప్పకుండా అప్పగించాలి, జేబులో వేసుకుని ఇంటికి తేకూడదు.

అయితే మా చేతిలో ఉన్నదేంటి?

లాటు. ఈ పేజీ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. పెల్లెట్ డబ్బా మీద, తూటా పెట్టె మీద కంపెనీ పేరు కాకుండా ఒక నంబరు ఉంటుంది. అదే లాటు నంబరు: ఒకే మెషీన్ మీద, ఒకే అచ్చుతో, ఒకే విడతలో చేసినవని అర్థం. బెల్లం వండేవాళ్లకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు: అదే పొలం చెరకు, అదే పెనం, అయినా నిన్నటి పాకం నేటి పాకంలా రాదు. ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే ధర, అయినా ఒక లాటు మీ బ్యారెల్‌లో అతుక్కున్నట్టు కొడుతుంది, ఇంకో లాటు చెల్లాచెదురు చేస్తుంది. పక్కవాడి రైఫిల్‌లో ఆ రెండే తారుమారు కావచ్చు.

పెద్ద కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. ఇంగ్లండ్‌లో ఈలీ, జర్మనీలో లాపువా టెస్ట్ సెంటర్లు నడుపుతాయి. షూటర్ తన రైఫిల్ తీసుకెళ్తే దాన్ని బిగించి, లాటు వెంట లాటు కాల్చి చూపిస్తారు. నచ్చిన లాటును అక్కడే బుక్ చేసుకోవచ్చు. మనం అంత దూరం వెళ్లలేం, కానీ అదే పద్ధతిని చిన్నస్థాయిలో మన షూటింగ్ రేంజ్‌లో చేసుకోవచ్చు.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు ఏ పెల్లెట్ కొనాలి?

పాయింట్ 177, అంటే 4.5 మిల్లీమీటర్లు, మూతి చదునుగా ఉండేది. చదును మూతి టార్గెట్ అట్టను గుండ్రంగా కోస్తుంది, పాయింటు చదవడానికి అనుమానం ఉండదు. గుండు మూతి పెల్లెట్ అట్టను చింపుతుంది. ఆరుబయట 25 మీటర్లు దాటాక మాత్రం గాలిని చీల్చుకుపోయేది గుండు మూతే, అక్కడ చదును మూతి తేలిపోతుంది.

బరువు విషయానికొస్తే రైఫిల్ పెల్లెట్ సుమారు 0.53 గ్రాములు, పిస్టల్‌ది 0.45 గ్రాములు. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ లాంటివి పోటీల్లో ఎక్కువగా కనబడతాయి. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల కొలత కూడా ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడా అది. మీ బ్యారెల్‌కు ఏది నచ్చుతుందో కొలిచి చెప్పలేం, కాల్చి చూడాలి.

కొత్తగా నేర్చుకునే పిల్లాడికి మొదటి ఆర్నెల్లు ఇవేవీ అక్కర్లేదు. మూతి చదునుగా, అంచులు శుభ్రంగా ఉన్న మామూలు రకం పెల్లెట్ చాలు. నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ కుదిరేదాకా డబ్బా మార్చినా పాయింట్లు మారవు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు మొదటి నెలలోనే ఖరీదైన డబ్బాలు కొని, పాయింట్లు పెరగలేదని పిల్లల మీద విసుక్కుంటారు.

పెల్లెట్ వల్ల నిజంగా ఎన్ని పాయింట్లు పోతాయి?

లెక్క వేద్దాం. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది వలయం వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. పెల్లెట్ అంచు దాన్ని తాకినా పదే కాబట్టి, పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే పది. దశాంశాల్లో ఒక్కో 0.1కి పావు మిల్లీమీటరు. కేంద్రంలోకి అచ్చంగా వెళ్తే 10.9.

ఇప్పుడు మీ పెల్లెట్ తనంతట తాను ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోయే రకం అనుకోండి. మీరు తప్పేం చేయకపోయినా ఒక్కో షాట్‌లో 0.4 దాకా పోవచ్చు. 60 షాట్ల పోటీలో గరిష్ఠం 654. ఫైనల్‌కు వెళ్లేవాడికీ ఆగిపోయినవాడికీ మధ్య తేడా ఒక్కోసారి 0.1. జిల్లా స్థాయిలో 580 దగ్గర ఉన్న పిల్లాడికి ఇది పెద్ద విషయం కాదు. 615 దాటి 620 కోసం కొట్టుకుంటున్నవాడికి ఇదే ప్రాణం.

50 మీటర్ల దగ్గర పది వలయం 10.4 మిల్లీమీటర్లు, తూటా 5.6. అంటే తూటా కేంద్రం 8 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. దూరం ఐదు రెట్లయినా వదులు మూడు రెట్లే పెరిగింది. అందుకే పాయింట్ టూ టూలో లాటు ఎంపిక ఇంకా ముఖ్యం.

లాటు పరీక్ష ఎలా చేయాలి?

భుజానికి ఆనించి కాల్చి పెల్లెట్‌ను తేల్చకండి. అప్పుడు కొలిచేది మీ చేతినే. రైఫిల్‌ను వైస్‌లో బిగించే ఏర్పాటు ఉంటే మంచిది. లేదంటే బరువైన బల్ల మీద ఇసుక సంచులు ముందూ వెనకా పెట్టి కదలకుండా ఆనించాలి. ఫ్యాన్ ఆపేయాలి.

ఒక్కో లాటుకు పది షాట్ల గ్రూపు కొట్టండి. మూడు షాట్లు ఒకే రంధ్రంలో పడ్డాయని సంబరపడొద్దు, మూడు షాట్లు ఏమీ చెప్పవు. పదిలో తప్పిపోయిన ఆ ఒక్కటే రేపు పోటీలో మీకు ఎదురయ్యేది. ఒక లాటు అంతా అయ్యాక రెండోది మొదలుపెట్టకుండా, ఒకటో లాటు, రెండోది, మూడోది, మళ్లీ ఒకటోది అని వంతులవారీగా తిప్పండి. మధ్యాహ్నానికి చెయ్యి అలిసినా, ఎండ పెరిగినా ఆ ప్రభావం అన్నింటి మీదా సమానంగా పడుతుంది. ఇలా ఒక్కో లాటుకు కనీసం నాలుగైదు గ్రూపులు ఉండాలి.

కొలవడానికి ఒక వెర్నియర్ చాలు. రంధ్రాల గుంపులో అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి 4.5 తీసేయండి. అట్ట మీద లాటు నంబరు, తేదీ, వేళ రాసిపెట్టుకోండి. పల్చని నోటుబుక్కు కాగితం వాడొద్దు. అది చిరిగిపోయి రంధ్రం అంచు తెలియదు. టార్గెట్ అట్టే వాడాలి.

పాయింట్ టూ టూలో లాటు మార్చిన వెంటనే కొలత మొదలుపెట్టకూడదు. పాత లాటు మైనం, గ్రీజు బ్యారెల్‌లో ఉండిపోతాయి. కొత్తది పది పదిహేను కాల్చాక బ్యారెల్ దానికి అలవాటు పడుతుంది, అప్పుడు లెక్క మొదలు.

నచ్చిన లాటు దొరికిందా, వెంటనే ఎక్కువ తీసుకోండి. ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లతో కలిపి ఒక సాధనకు 80 నుంచి 90 పెల్లెట్లు అవుతాయి. 500 పెల్లెట్ల డబ్బా ఐదారు సాధనలకే సరి. సీజన్ మధ్యలో లాటు అయిపోతే మళ్లీ అది దొరకదు. నలుగురు షూటర్లు కలిసి తలా రెండు మూడు లాట్లు తెప్పించుకుని, పరీక్షించి పంచుకుంటే ఖర్చు కూడా భరించదగ్గట్టు ఉంటుంది. నా అభిప్రాయంలో జిల్లా షూటర్లు ఇప్పుడు చేయాల్సిన మొదటి పని ఇదే.

పెల్లెట్లను తూచి ఏరాలా?

మంచి రకం డబ్బాలో తూకంతో పెద్దగా ఒరిగేది లేదు. ఏరాల్సింది పాడైనవాటిని. తెల్ల చేతిరుమాలు మీద ఒక పిడికెడు పరిచి, టార్చ్ లైటు పక్క నుంచి వేసి చూడండి. పెల్లెట్ వెనక భాగం పల్చని పావడాలా ఉంటుంది. దాని అంచు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా నొక్కుకుపోయి ఉంటే, లేదా అంచున సీసం పీచు వేలాడుతుంటే పక్కన పెట్టండి. సీసం చాలా మెత్తన, గోరు తగిలినా నొక్కుపడుతుంది. డబ్బాను స్కూలు బ్యాగులో వేసుకుని బస్సులో కుదుపుల మీద తెస్తే సగం పెల్లెట్లకు ఆ గతే. డబ్బాలో ఖాళీ మిగలకుండా పైన దూది లేదా స్పాంజి పెట్టి మూత వేయండి. నేల మీద పడిన పెల్లెట్‌ను మళ్లీ వాడొద్దు, ఇసుక రేణువు బ్యారెల్‌ను గీరేస్తుంది.

స్ప్రింగ్ ఎయిర్ గన్‌తో గురి కుదరడం లేదు. పెల్లెట్ తప్పా?

ఎక్కువసార్లు పట్టుకునే తీరు తప్పు. స్ప్రింగ్ గన్‌లో పెల్లెట్ బ్యారెల్ దాటేలోపే బరువైన పిస్టన్ ముందుకూ వెనక్కూ తన్నేస్తుంది. గట్టిగా బిగించి పడితే ఆ తన్ను ప్రతిసారీ ఒక్కోలా పోతుంది. అరచేతిలో వదులుగా, ప్రతిసారీ ఒకేచోట ఆనించండి. పెల్లెట్ లేకుండా ఖాళీగా కాల్చొద్దు, పిస్టన్ సీలు దెబ్బతింటుంది. బ్యారెల్‌లో నూనె చుక్కలు వేయొద్దు. ఒత్తిడికి ఆ నూనె అంటుకుని పేలుతుంది.

సముద్రపు గాలి, వానాకాలం తేమ, మే నెల ఎండ ఏం చేస్తాయి?

10 మీటర్ల హాల్లో గాలి గొడవ ఉండదు. ఆరుబయట 50 మీటర్లలో మాత్రం ఉంటుంది. గాలి సెకనుకు మూడు మీటర్ల వేగంతో అడ్డంగా వీస్తే చాలు, పాయింట్ టూ టూ తూటా సెంటీమీటరు పైనే పక్కకు జరుగుతుంది. అంటే పది కాస్తా తొమ్మిదిలోకి పోయినట్టే. కళింగపట్నం, భావనపాడు వైపు వెళ్లినవాళ్లకి తెలుసు: పొద్దున్న చెట్టాకు కదలదు, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి ఎత్తుకుంటుంది. లాటు పరీక్ష పొద్దున్నే ముగించేయాలి.

వేగం ఎక్కువున్న తూటా గాలికి తక్కువ కొట్టుకుపోతుందని అనుకుంటారు. పాయింట్ టూ టూలో అది తిరగబడుతుంది. మ్యాచ్ తూటా సెకనుకు సుమారు 325 మీటర్లతో, శబ్ద వేగానికి కాస్త లోపునే వెళ్తుంది. హై వెలాసిటీ తూటా శబ్ద వేగాన్ని దాటి మొదలై, దారిలో మళ్లీ దాని కిందికి దిగుతుంది. ఆ దిగే చోట కుదుపుకు లోనవుతుంది, గాలికీ ఎక్కువ జరుగుతుంది. టార్గెట్‌కు ఎప్పుడూ శబ్ద వేగానికి లోపున వెళ్లే స్టాండర్డ్ వెలాసిటీయే.

తేమకు సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. అది పట్టిన పెల్లెట్లు పోటీకి పనికిరావు. గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. రైఫిల్‌ను స్పాంజి పెట్టెలోనే వారాల తరబడి వదిలేస్తే తుప్పు పడుతుంది. మే నెలలో కారు డిక్కీలో తూటాలు వదిలేయొద్దు. మైనం కరిగి ఒకవైపుకు జారుతుంది, వేగం కూడా మారుతుంది.

ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావాలా?

4.5 మిల్లీమీటర్లు దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే అక్కర్లేదు. పోటీ రైఫిల్ పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల పైచిలుకు వేగంతో వెళ్తుంది, శక్తి ఎనిమిది జౌళ్ల లోపే. కాబట్టి ఇబ్బంది లేదు. పాయింట్ 22 ఎయిర్ గన్, వేట పేరుతో అమ్మే పెద్ద శక్తి గన్‌లకు లైసెన్సు ఉండాలి. బిల్లు, గుర్తింపు కార్డు కాపీ, మోడల్ వివరాల కాగితం గన్ పెట్టెలోనే ఉంచండి. పోలీసులు దారిలో ఆపి అడిగితే టెన్షన్ పడకుండా చూపించవచ్చు.

పాయింట్ టూ టూ లైసెన్సు మాలాంటివాళ్లకి ఇస్తారా?

ఇస్తారు. కేంద్రం గుర్తించిన రైఫిల్ క్లబ్ లేదా సంఘం సభ్యుడు టార్గెట్ సాధన కోసం పాయింట్ 22 రైఫిల్ అడిగితే లైసెన్సు ఇవ్వాలని ఆయుధ చట్టం 13వ సెక్షనే చెబుతోంది. దరఖాస్తు కలెక్టరు దగ్గరికి వెళ్తుంది, పోలీసు విచారణ ఉంటుంది. 21 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నవాళ్లు కోచ్ కళ్లముందు, రేంజ్‌లో నేర్చుకోవచ్చు. 2019 నుంచి లైసెన్సు గడువు ఐదేళ్లు. ఎన్నికల సమయంలో లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించమంటారు. పోటీలున్న షూటర్లు మినహాయింపు సంగతి ముందే స్టేషన్‌లో అడిగి, సంఘం లేఖ ఇవ్వాలి.

తూటాలు లైసెన్సు ఉన్న డీలరు దగ్గర, లైసెన్సు మీద రాయించుకునే కొనాలి. పోటీ స్థాయి దిగుమతి తూటాలకు దారి జాతీయ రైఫిల్ సంఘం. రాష్ట్ర పోటీలు, ఆపై జాతీయ పోటీలకు అర్హత ఇచ్చే మావలంకర్ పోటీల్లో నిర్ణీత స్కోరు సాధిస్తూ పైకి వెళ్లేకొద్దీ ఆ వెసులుబాటు పెరుగుతుంది. 2008లో బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్, ఇద్దరివీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పతకాలే. లైసెన్సు అవసరంలేని ఆటతో అంత దూరం వెళ్లొచ్చు. ముందు అక్కడ గట్టిపడండి.

పంట మీద అడవిపందులు పడుతున్నాయి. ఈ రైఫిల్‌తో కొట్టొచ్చా? పోనీ పిట్టల్ని?

వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద వేట నేరం. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదంటే దానితో కొంగను కొట్టినా పర్వాలేదని కాదు. తేలినీలాపురంలో పెలికాన్లు, తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు పెట్టుకుని, ఊరివాళ్ల అండతో బతుకుతున్నాయి. అలాంటి జిల్లాలో పిల్లాడి చేతికి ఎయిర్ గన్ ఇచ్చి చెట్టు వైపు చూపించడం నాకు సహించరాని విషయం. తీవ్రమైన కేసుల్లో శిక్ష 3 నుంచి 7 ఏళ్లు.

రైతు కష్టం నిజమైనదే. ఉద్దానంలో జీడితోటకు వెళ్లాలంటే ఎలుగుబంటి భయం, పార్వతీపురం వైపు ఏనుగుల భయం. దానికి జవాబు అటవీశాఖకు ఫిర్యాదు, నష్టపరిహారానికి దరఖాస్తు, కంచె. నాటు తుపాకీ గానీ నాటు బాంబు గానీ కాదు. ఆ బాంబు పందికి పెడితే ఆవు నోట్లోనూ పేలుతుంది, ఏరబోయిన పిల్లాడి చేతిలోనూ పేలుతుంది. 10 మీటర్ల పోటీ రైఫిల్ శక్తికి పంది చావదు కూడా, గాయంతో రెచ్చిపోతుంది.

ఇంట్లో సాధన చేసుకోవచ్చా?

ఎయిర్ రైఫిల్ అయితే చేసుకోవచ్చు. నిలబడే గీత నుంచి టార్గెట్‌కు 10 మీటర్లు, టార్గెట్ మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. వెనక పెల్లెట్‌ను ఆపే ఇనుప పెట్టె, దాని వెనక గట్టి గోడ. పక్క నుంచి ఎవరూ రాలేని చోటు కావాలి. పెంకుటిల్లు వరండాలో మధ్యలో తలుపు ఉంటే దానికి లోపల గడియ వేశాకే మొదలుపెట్టాలి. కంటికి అద్దాలు ఉండాలి. పాయింట్ టూ టూ మాత్రం అనుమతి ఉన్న రేంజ్‌లో తప్ప ఎక్కడా కాల్చకూడదు, సొంత మామిడితోటైనా సరే.

సీసం ప్రమాదమా? మా అమ్మాయి పెల్లెట్లు నోట్లో పెట్టుకుంటోంది.

వెంటనే మాన్పించండి. సీసం ఒంట్లో చేరితే పిల్లల ఎదుగుదలకూ మెదడుకూ హాని. సాధన అయ్యాక వేళ్ల కొసల మీద బూడిదరంగు మరక చూడండి, అదంతా సీసమే. సబ్బుతో చేతులు కడిగాకే తినాలి. రేంజ్‌లో మరమరాలు, బిస్కెట్లు తినొద్దు. పెల్లెట్‌ను ఆపే పెట్టె దగ్గర పోగైన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. మూసిన గదిలో పాయింట్ టూ టూ కాల్చితే ప్రైమర్ పొగలోనూ సీసం ఉంటుంది. గాలి బయటికి లాగే ఫ్యాన్లు లేని గదిలో పిల్లల్ని కూర్చోబెట్టకండి.

ఎయిర్ సిలిండరు మీద తేదీ చూడాలా?

చూడాలి. పోటీ రైఫిళ్లలో పెల్లెట్‌ను నెట్టే గాలి నింపే సిలిండర్లలో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, తయారీదారులు పదేళ్ల గడువు ఇస్తారు. గడువు దాటినది వాడొద్దు. సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. మనవైపు తేమ ఎక్కువ, చేతి పంపుతో నింపితే నీటి ఆవిరి లోపలికి పోతుంది. తేమ ఆరబెట్టే ఫిల్టరు ఉన్న పంపునే వాడండి.

తాతగారి పెట్టెలో పాత తూటాలు దొరికాయి. ఏం చేయాలి?

కాల్చకండి, విప్పకండి, ఎండలో ఆరబెట్టకండి. పాత మందు ఎలా పేలుతుందో చెప్పలేం. కొన్నిసార్లు సగం బలంతో పేలి బుల్లెట్ బ్యారెల్‌లోనే ఆగిపోతుంది. వెనకే రెండోది కాల్చితే బ్యారెల్ చీలుతుంది. రేంజ్‌లో కొత్త తూటా పేలకపోయినా వెంటనే బోల్ట్ తెరవొద్దు. మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి, చెయ్యెత్తి రేంజ్ అధికారిని పిలవండి.

తాతగారి పేరున ఉన్న లైసెన్సు ఆయనతోనే పోయింది కాబట్టి ఆ తూటాలు ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పే. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి. తుపాకీ కూడా ఉంటే దాన్నీ స్టేషన్‌లో గానీ లైసెన్సు డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. వారసుడిగా మీ పేరు మీదకు మార్చుకునే దరఖాస్తుకు ఆ రసీదు జత చేయాలి.